పొటాషియానికి అమావాస్య

ఇరవై ఆరేళ్ళ వయసులో నేనొక ప్రకృతి నియమాన్ని కనిపెట్టాను. అది ఏడు వారాలు బతికింది. ఆ ఏడు వారాలూ నా నడక మారింది, మాట మారింది, చివరికి పాపిడి తీసుకునే వైపు కూడా మారింది. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే, గదిలో ఎవరూ లేకపోయినా అటూ ఇటూ చూసుకుని నవ్వుకుంటాను.

అవి డెబ్బైల మొదటి రోజులు. ఉప్పల్ రోడ్డు మీది ఒక పరిశోధనశాలలో జూనియర్ ఫెలోగా చేరాను. మాది కృష్ణా జిల్లా. నాచారంలో ఒక రిటైరైన రైల్వే గార్డుగారింట్లో వెనకగది అద్దెకు తీసుకున్నాను. పొద్దున్నే ఫ్యాక్టరీ షిఫ్టులకు పోయే సైకిళ్ళ మధ్యనుంచి నడుచుకుంటూ ల్యాబుకు చేరేవాణ్ణి. మా విభాగానికి పెద్ద ఒక మేడం. నడివయసు మనిషి. తెల్లటి నూలుచీర, చెవి వెనక పెన్సిలు. ఆమె ఏ మాటైనా ఒక్కసారే చెప్పేది. వినకపోతే ఆ నష్టం మనది.

నాకు అప్పగించిన పని వినడానికి చాలా చిన్నది. చెరువు అడుగున గడ్డిలాగా పెరిగే ఒక జాతి నాచు ఉంది. దాని కాడలో ఒక్కో కణం వేలంత పొడవు, దారమంత లావు ఉంటుంది. మామూలుగా కణాన్ని చూడాలంటే మైక్రోస్కోపు కావాలి. దీన్ని చేత్తో పట్టుకోవచ్చు. ఆ కణాన్ని ఒక గాజు తొట్టెలో పడుకోబెట్టి, చెరువు నీళ్ళలాంటి నీళ్ళు మేమే కలిపి పోసి, కంటికి కనిపించనంత సన్నని మొనగల గాజుసూదిని దానిలోకి గుచ్చాలి. లోపలికీ బయటికీ మధ్య ఎంత వోల్టేజీ ఉందో మీటరులో చూసి నోటుబుక్కులో రాయాలి. రోజుకు రెండుసార్లు.

"అయిదారు నెలలు ఇదే చెయ్యండి. ప్రతిరోజూ ఒకేలా వచ్చాక, అప్పుడు అసలు ప్రయోగం మొదలుపెడదాం" అంది మేడం.

అంటే చెయ్యి కుదురుకునేదాకా నన్ను పలక మీద దిద్దమంది. నేనేమో కావ్యం రాయమందనుకున్నాను.

మొదట నాచు తేవాలి. దాని కోసం ఉప్పల్ చెరువులోకి ప్యాంటు మడుచుకుని దిగాను. నాలుగడుగులు వేశానో లేదో మోకాళ్ళదాకా బురదలో దిగబడ్డాను. ఒక చెప్పు అడుగునే ఉండిపోయింది. దాని కోసం వంగితే చేతిలోని సీసా తేలుతూ బర్రెల వైపు పోయింది. గట్టు మీదనుంచి ఎవరో నవ్వారు. చూస్తే మా ల్యాబులో గాజుసామాను కడిగే ఆమె. నలభై ఏళ్ళుంటాయి. ఉప్పల్ ఊళ్ళోనే ఇల్లు.

"ఏంది సారూ, చాపలు పట్టనీకి వచ్చినవా?"

"కాదమ్మా, నాచు కోసం."

"నాచా? బర్రెలు గూడ మూతి పెట్టయి దానికి. గబ్బు లేస్తది. నీకెందుకు?"

"పరిశోధనకు."

ఆమె చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, నేను దిగిన చోటికి పది గజాల అవతల, రాతినేల ఉన్న వైపునుంచి దిగింది. రెండు నిమిషాల్లో ఒక గుప్పెడు నాచు పీకి నా చేతిలో పెట్టింది. నా చెప్పు మాత్రం దొరకలేదు. ఆ రోజు నాచారం దాకా ఒంటి చెప్పుతో నడిచాను. రెండోదాన్ని ఎందుకు పారెయ్యలేదో నాకిప్పటికీ తెలియదు.

కణంలో వోల్టేజీ ఎందుకుంటుందో ఇక్కడ చెప్పాలి. లేకపోతే నా తెలివితక్కువతనం ఎంతటిదో మీకు పూర్తిగా తెలియదు. కణం లోపల పొటాషియం దండిగా ఉంటుంది. బయటి చెరువు నీళ్ళలో అది చాలా కొంచెం. రెంటి మధ్యా ఉన్నది నూనెలాంటి పల్చటి పొర. నీళ్ళలో కరిగిన పొటాషియంలాంటి, విద్యుదావేశం ఉన్న అయాన్లు నూనెలోంచి దాటలేవు. కానీ ఆ పొరలో అక్కడక్కడా పొటాషియానికి మాత్రమే దారిచ్చే సన్నని మార్గాలున్నాయని, వాటిని ఛానళ్ళంటారని అప్పటికే పుస్తకాల్లో రాశారు. ఆ దారుల్లోంచి పొటాషియం ఎక్కువ ఉన్న లోపలినుంచి తక్కువ ఉన్న బయటికి జారుతుంది. పోయే ప్రతి అయానూ ఒక ధనావేశాన్ని వెంట తీసుకుపోతుంది కాబట్టి లోపల ఋణావేశం మిగులుతుంది. ఆ ఋణావేశం పోబోయేవాటిని వెనక్కి లాగుతుంది. బయటికి జారే తొందరా, వెనక్కి లాగే బలమూ సమానమైన చోట మీటరు ముల్లు నిలుస్తుంది. బయటి నీళ్ళలోనే పొటాషియం పెరిగిందనుకోండి, ఇక లోపలిదానికి బయటికి పోవాలన్న తొందర తగ్గుతుంది. వోల్టేజీ పడిపోతుంది.

ఈ చివరి మాట నేను ఎమ్మెస్సీ పరీక్షలో బొమ్మతో సహా రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను.

పని మొదలైంది. వరంగల్ వైపు పోయే లారీ ఒక్కటి గేటు ముందునుంచి వెళ్ళినా బల్ల వణికి గాజుసూది పుటుక్కుమనేది. బల్ల కాళ్ళ కింద లారీ ట్యూబుల్లోనే గాలి నింపి పెట్టాక కొంత నయమైంది. మొదటి నెలలో నేను విరిచిన సూదులకు లెక్క లేదు. రెండో నెలకు చెయ్యి నిలిచింది. వోల్టేజీ రోజూ ఒకేలా రావడం మొదలైంది. మేడం నోటుబుక్కు తిరగేసి తలూపింది.

ఆ నెల మూడో వారంలో ఉన్నట్టుండి వోల్టేజీ పడిపోయింది. కణం దెబ్బతిందనుకుని ఇంకోటి వేశాను. అదీ అంతే. ఒకరోజు ఎక్కువ పడేది, ఒకరోజు తక్కువ, కానీ పడటం మాత్రం ఖాయం. పది పన్నెండు రోజులయ్యాక మళ్ళీ దానంతట అదే పైకి వచ్చి కుదురుగా నిలబడింది. తర్వాతి నెలా అదే తంతు. సగం నెల బాగానే ఉండటం, ఆ తర్వాత పడిపోవడం, మళ్ళీ లేవడం.

బుద్ధిమంతుడైతే నీళ్ళను అనుమానిస్తాడు. కానీ ఆ నీళ్ళు నేను కలిపినవి. ప్రతి లవణాన్నీ త్రాసులో స్వయంగా తూచాను. ప్రపంచంలో ఎవరినైనా అనుమానించగలను గానీ నన్ను నేను అనుమానించుకోవడం నాకప్పటికి అలవాటు కాలేదు. నీళ్ళలో తప్పు లేదు కాబట్టి, పొరలోని ఛానళ్ళే కొన్నాళ్ళు ఒక రకంగా, కొన్నాళ్ళు ఇంకో రకంగా ప్రవర్తిస్తున్నాయని తేల్చాను. మరి సగం నెల ఒకలా, సగం నెల ఒకలా ఉండేది లోకంలో ఏముంది?

సాయంత్రం ఇంటికి పోగానే గార్డుగారిని అడిగాను. "పౌర్ణమి ఎప్పుడండీ?"

"ఎందుకు బాబూ, లగ్గం గిట్ల కుదిరిందా?"

"కాదండీ, ల్యాబు పని."

ఆయన సంతోషానికి మేర లేదు. గూట్లోంచి పంచాంగం తీసి, కళ్ళజోడు తుడుచుకుని, నా నోటుబుక్కులోని తారీఖులన్నిటికీ తిథులు రాసిపెట్టాడు. వోల్టేజీ పడిన రోజులు దాదాపు అన్నీ బహుళ పక్షంలో వచ్చాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"నేను ముప్ఫై ఏండ్లు బండ్ల మీద తిరిగిన. అమాస నాడు ఇంజన్లు గూడ మొండికేస్తయి బాబూ. కండ్లార సూసిన. చెప్తే మా సాహెబు నవ్వెటోడు" అన్నాడు.

నాకు ఆ సాహెబు మీద జాలి కలిగింది.

అక్కడినుంచి నాకు నేల కనిపించలేదు. నాచారం నుంచి ఉప్పల్ దాకా నడుస్తూ ఇంగ్లీషులో ఉపన్యాసం వల్లించుకునేవాణ్ణి. "చంద్రకళలను అనుసరించి పొటాషియం మార్గాలు తెరుచుకోవడం, మూసుకోవడం" అన్న శీర్షిక ఖాయం చేసుకున్నాను. సైకిళ్ళ మీద పోయే కార్మికులు బెల్లు కొట్టి నన్ను రోడ్డు మధ్యనుంచి పక్కకు తోలేవాళ్ళు. సాటి ఫెలోలు టీకి పిలిస్తే తీరిక లేదన్నట్టు చెయ్యి ఊపేవాణ్ణి. మూడోసారి పడిన నెలలో అమావాస్య వెళ్ళిపోయి మూడు రోజులైనా వోల్టేజీ లేవలేదు. అప్పుడైనా ఆగాలి కదా. ఆగలేదు. చంద్రుడి ప్రభావం కణానికి అందడంలో కొంత ఆలస్యం ఉంటుందని ఒక పేరా కలిపాను.

శనివారం మధ్యాహ్నాలు లైబ్రరీ గదిలో మాకు సెమినార్లు జరిగేవి. నా వంతు వచ్చిన రోజున కొత్త చొక్కా వేసుకుని, నల్ల ఇంకుతో గీసిన పెద్ద గ్రాఫును గోడకు తగిలించాను. పైన వరసగా చిన్నచిన్న చంద్రుళ్ళను కూడా గీశాను. పసుపురంగు వేశాను. ఒక్కో చంద్రుడికి పావుగంట పట్టింది. అరగంట మాట్లాడాను. చివర్లో కొంచెం సేపు ఆగి, ఈ విషయం వ్యవసాయానికీ వైద్యానికీ ఎట్లా ఉపయోగపడుతుందో కూడా సూచించాను.

మేడం లేచి గ్రాఫు దగ్గరికి వచ్చింది. చెవి వెనక పెన్సిలు తీసి చంద్రుళ్ళను వదిలేసి, కింద తారీఖుల గీత మీద పెట్టింది.

"ఇక్కడ వోల్టేజీ లేచింది. ఏ తారీఖు?"

"ఒకటి, మేడం."

"ఇక్కడ?"

"రెండు. ముందురోజు ఆదివారం మేడం."

"ఇక్కడ?"

"ఒకటి."

"చంద్రుడు కూడా ఫస్టు తారీఖునే జీతం తీసుకుంటాడా?"

గది మొత్తం నవ్వింది. బిస్కట్లు తెచ్చిన అటెండరు కూడా నవ్వాడు, అతనికి ఇంగ్లీషు రాదు. మేడం మాత్రం నవ్వలేదు. "ఫస్టు తారీఖున మన ల్యాబులో ఏం మారుతుందో కనుక్కోండి. చంద్రుడి సంగతి తర్వాత చూద్దాం" అని వెళ్ళి కూర్చుంది.

ఆ ఆదివారం అన్నం సయించలేదు. గార్డుగారు గుమ్మంలోనే పట్టుకున్నాడు. ఆయన అప్పటికే బస్టాపులో, కిరాణా కొట్లో, మంగలి దుకాణంలో మా నియమాన్ని ప్రకటించేశాడు.

"ఏమన్నరు బాబూ, పెద్దోళ్ళు?"

"నెల తారీఖుతో ముడి ఉందట. చంద్రుడితో కాదట."

"నెల అంటేనే చంద్రుడు గద! మీ మేడంకి జర తెలుగు చెప్పు" అన్నాడు. ఆ తర్వాత వారం రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. ఆయన పరువు కూడా పోయింది మరి.

సోమవారం స్టోర్సుకు వెళ్ళాను. ఫస్టు తారీఖున మా విభాగానికి ఏమేం ఇస్తారో రిజిస్టరు తీయించి చూశాను. ఫిల్టరు కాగితాలు, దూది, స్పిరిటు, ఒక డబ్బా సబ్బుపొడి. సబ్బుపొడి దగ్గర నా వేలు ఆగింది. అది ఇరవయ్యో తారీఖు దాటిన రోజు. నేరుగా వెనక వరండాలోని కడిగే చోటికి నడిచాను.

ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని నా గాజు తొట్టెను తోముతోంది. పక్కన పగిలిన చట్టిలో బూడిద. కొబ్బరిపీచుతో అద్ది, గుండ్రంగా రుద్ది, కుళాయి కింద ఒక్కసారి తిప్పి బోర్లించింది. ఎంత శుభ్రంగా ఉందంటే అందులో నా మొహం కనిపించింది.

"ఏమిటమ్మా ఇది!" అని అరిచాను.

ఆమె ఉలిక్కిపడింది. "ఏమైంది సారూ?"

"బూడిదతో తోముతావా? ఎవరు చెప్పారు నీకు? నాలుగు నెలల పని నాశనం చేశావు తెలుసా? బుద్ధుండాలి కదా!"

ఆమె లేచి నిలబడింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. గొంతు పెంచలేదు.

"నువ్వే చెప్పినవ్ గద సారూ. సబ్బుపొడి ఒడిసింది, ఇంకో డబ్బ ఇప్పియ్యమని మూడు నెలల కిందట నీ తాన్కే వచ్చిన. నువ్వు గా దుర్బీనుల కన్ను పెట్టుకోని, మొకం గూడ ఎత్తలే. 'ఏదో ఒకటి పెట్టి తోము, మెరవాలె అంతే' అన్నవ్. అప్పటిసంది పొడి ఒడిసినప్పుడల్ల ఇంట్ల పొయ్యిల బూడిద తెచ్చి తోముతున్న. మెరుస్తలేవా?"

మెరుస్తున్నాయి. అంతకు ముందు ఎన్నడూ అంతగా మెరవలేదు.

ఆమె వచ్చి అడగడం నాకు లీలగా గుర్తొచ్చింది. మైక్రోస్కోపులో చూస్తూ సూది మొనను కణంలోకి దింపే ఘడియ అది. వెనకనుంచి ఏదో గొంతు. ఏదో అన్నాను. ఏమన్నానో ఆమె గుర్తుపెట్టుకుంది, నేను పెట్టుకోలేదు.

ఆ బూడిద చిటికెడు కాగితంలో కట్టుకుని లోపలికి వచ్చాను. నీళ్ళలో కలిపి, వడగట్టి, మంటలో పట్టి చూసే యంత్రం దగ్గరికి తీసుకుపోయాను. చూడక్కర్లేదు నిజానికి. కట్టెల బూడిదలో ఉండేది పొటాషియమే. పొటాషియం అన్న పేరే 'పాట్ యాష్', అంటే కుండలో కాచిన బూడిద నుంచి వచ్చిందని నేను బీయస్సీలోనే చదివాను. దాన్ని కూడా పరీక్షలో రాశాను. యంత్రం ముల్లు చివరిదాకా పోయి కొట్టుకుంది.

నా తొట్టెకు, సీసాలకు అంటుకున్న బూడిద ఛాయ నా నీళ్ళలో కలిసేది. ఆ నీళ్ళలో ఉండాల్సిన పొటాషియమే అతి కొంచెం కాబట్టి, ఆ కాస్త ఛాయే ఎన్నో రెట్లయ్యేది. బయట పెరిగింది, కాబట్టి వోల్టేజీ పడింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఆ నాచు నాకు ప్రతినెలా చెప్పింది. నేను ఆకాశంలోకి చూస్తున్నాను.

మేడంకు చెప్పాను. ఆమె అడిగింది ఒక్కటే. "ఆమెను కోప్పడ్డారా?"

"అవును మేడం."

ఆమె తల వంచుకుని తన పని చూసుకుంది. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

వెనక వరండాకు మళ్ళీ పోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. స్టోర్సు వాళ్ళ చేత రెండో డబ్బా సబ్బుపొడి రాయించి, అది చేత పట్టుకుని వెళ్ళాను. క్షమించమని అడగాలని దారంతా మాట కూర్చుకున్నాను. తీరా ఎదురుగా నిలబడితే, "ఇదుగో సబ్బు" అన్నాను. అంత ఇంగ్లీషు వల్లించిన నోటికి తెలుగులో ఒక్క ముక్క రాలేదు.

ఆమె డబ్బా అందుకుంది. "బూడిదల ఏమున్నది సారూ గంతగనం? మా అత్త కాలంకెల్లి తోముతున్నం."

చెప్పడం కంటే చూపించడం మేలనిపించింది. "లోపలికి రా, చూద్దువుగానీ" అన్నాను. ఆమె అన్నేళ్ళుగా ఆ సామాను కడుగుతోంది, ఆ గదిలో అది ఎందుకు వాడతారో ఎవరూ ఆమెకు చూపించలేదట. గడప దగ్గర కాళ్ళు తుడుచుకుని వచ్చింది. కణాన్ని తొట్టెలో పెట్టి సూది దింపాను. మీటరు ముల్లు ఒక పక్కకు పోయి నిలిచింది.

"ఈ ముల్లును చూస్తూ ఉండు" అని, కొలిచి కలిపిన పొటాషియం నీళ్ళు ఒక చుక్క ఆమె చేతనే వేయించాను. చెయ్యి నాకంటే నిలకడగా ఉంది. కాసేపటికి ముల్లు మెల్లగా వెనక్కి జరిగింది. ఇంకో చుక్క వేసింది. ఇంకొంచెం జరిగింది.

"అయ్యో! దిగుతున్నది!" అంది. "నేను తోమినప్పుడు గిట్లనే అయిందా?"

"ఇట్లాగే అయింది."

"మరి ఉప్పేస్తే?"

నేను అనుకోలేదు ఆ ప్రశ్న వస్తుందని. తొట్టె మార్చి, అంతే కొలతలో మామూలు ఉప్పునీళ్ళు వేయించాను. ముల్లు పెద్దగా కదల్లేదు. ఆమె వంగి ఇంకా దగ్గరగా చూసింది.

"ఎందుకు కదుల్తలేదు?"

"పొరలోని దారులు పొటాషియాన్ని పోనిస్తాయి. ఉప్పులో ఉండే సోడియాన్ని పోనివ్వవు."

"ఉప్పుది పెద్దగుంటదా?"

"లేదు. చిన్నది. పొటాషియమే పెద్దది."

ఆమె నా మొహంలోకి చూసింది, ఆట పట్టిస్తున్నానేమోనని. "పెద్దది పొయ్యే సందుల చిన్నది పోదా? గదెట్ల సారూ?"

నాకు తెలిసినంత చెప్పాను. నీళ్ళలో ప్రతి అయానుకూ చుట్టూ నీటి అణువులు అంటుకుని ఉంటాయి. ఇరుకు దారిలో దూరాలంటే వాటిని వదిలెయ్యాలి. దారి గోడలు పొటాషియానికి సరిగ్గా అమరి, ఆ నీళ్ళు పట్టుకున్నట్టే అవీ పట్టుకుంటాయి, అందుకే అది నీళ్ళను వదిలి దూరుతుంది. సోడియం మరీ చిన్నది, గోడలకు అందదు. అందుకని తన నీళ్ళను వదలదు.

"ఎవరన్న సూసిన్రా గా దారిని?"

"ఎవరూ చూడలేదు."

"మరెట్ల తెల్సు?"

వారం కిందటైతే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. "తెలియదమ్మా. అట్లా అయ్యుండొచ్చని అనుకుంటున్నారు" అన్నాను.

"గట్లనా" అని, తొట్టె చేతిలోకి తీసుకుని, అందులోని నాచును జాగ్రత్తగా సీసాలోకి వంపి, కడగడానికి పట్టుకుపోయింది. తలుపు దగ్గర ఆగి, "దీన్ని ఎన్నిసార్లు కడగాలె?" అని అడిగింది. మూడుసార్లు, చివరిది డిస్టిల్డ్ వాటరుతో అన్నాను. అప్పటిదాకా ఆ మాట కూడా నేనామెకు చెప్పలేదు.

మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. అయిదు నెలలు వోల్టేజీ కదలకుండా నిలిచింది. పౌర్ణములూ అమావాస్యలూ వచ్చాయి, పోయాయి. ఆ తర్వాత బయటి పొటాషియాన్ని కొలిచి పెంచుతూ పోతే, నాకు ముందు ఎందరో గీసిన వంపే నాకూ వచ్చింది. అందులో కొత్తదేమీ లేదు. థీసిస్ దాని మీదే రాశాను, చంద్రుళ్ళు లేకుండా. ఆమె అడిగిన ప్రశ్నను, నేను తెలియదని చెప్పిన సంగతిని ఒకరోజు మేడంతో అన్నాను. చదువుతున్న కాగితం మీదనుంచి తలెత్తకుండానే, "సరిగ్గా చెప్పారు" అంది.